స్టార్మ్ చేజింగ్‌కి ఏప్రిల్, మే, జూన్: ఏది మేలు?

అమెరికాలో సగటున ఎక్కువ టోర్నడోలు వచ్చేది మే నెలలో, అది చూసి చాలామంది కళ్ళు మూసుకుని మేకి లీవ్ పెట్టేస్తారు. టోర్నడో మబ్బుల వెంట హాబీగా కార్లో వెళ్ళేవాళ్ళకి (స్టార్మ్ చేజింగ్ అంటే అదే) ఆ లెక్కతో పనేముంది? మబ్బు కంటికి కనపడాలి, తేడా కొడితే మనం పక్కకి తప్పుకోగలగాలి, అంతే. అలా చూస్తే నా లిస్ట్‌లో జూన్ పైకొస్తుంది.

ఏప్రిల్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, వద్దు. పైన జెట్ స్ట్రీమ్, అంటే చాలా ఎత్తులో వేగంగా వీచే గాలి, ఇంకా బలంగా ఉంటుంది కాబట్టి తుఫాన్లు (మన సముద్రపు తుఫాన్లు కాదు, ఉరుముల మబ్బులు) గంటకి 50-60 మైళ్ళ స్పీడ్‌తో పోతుంటాయి, ఒక్కసారి వెనకబడ్డామా ఇక దొరకవు. అలబామా, మిసిసిపి వైపైతే చెట్లు, గుట్టలు, పైగా రాత్రిపూట వచ్చేవి చాలా. 2011 ఏప్రిల్ 27న అలబామాలో టోర్నడోలు చేసిన విధ్వంసం తెలిసినవాళ్ళెవరూ అటు సరదాకి వెళ్ళరు.

మే రెండో సగం అంటే టెక్సాస్ పాన్‌హ్యాండిల్ (టెక్సాస్ ఉత్తరపు కొస), ఓక్లహోమా, కాన్సాస్. గల్ఫ్ ఆఫ్ మెక్సికో నుంచి తేమ బాగా ఉత్తరానికొస్తుంది, పడమటి నుంచి వచ్చే పొడిగాలి దాన్ని తాకే చోట, డ్రైలైన్ అంటారు, మధ్యాహ్నం సూపర్‌సెల్స్, అంటే లోపల గాలి సుడి తిరిగే పెద్ద ఉరుముల మబ్బులు, లేస్తాయి. నేల చదును, రోడ్లు బోలెడు. ప్రాబ్లమ్ జనం. పేరున్న రోజున చిన్న రోడ్ల మీద కూడా కార్లు బారులు తీరతాయి, తప్పుకుందామంటే దారుండదు. 2013 మే 31న ఓక్లహోమాలోని ఎల్ రెనో టోర్నడో 2.6 మైళ్ళ వెడల్పుకి పెరిగి ఉన్నట్టుండి దిశ మార్చింది, అందులో పోయినవాళ్ళలో టిమ్ సమారస్ లాంటి అనుభవజ్ఞుడైన స్టార్మ్ చేజర్ కూడా ఉన్నాడు.

జూన్‌కి ఆట నెబ్రాస్కా, డకోటాల వైపు జరుగుతుంది. పై గాలులు తగ్గుతాయి కాబట్టి తుఫాన్లు చాలావరకు నింపాదిగా కదులుతాయి, నార్త్ డకోటాలో రాత్రి 9 దాటేదాకా వెలుతురుంటుంది, ఫొటోలకి ఇంకేం కావాలి. 2014 జూన్ 16న నెబ్రాస్కాలోని పిల్గర్ దగ్గర రెండు పెద్ద టోర్నడోలు పక్కపక్కనే నడిచాయి (పాపం ఆ ఊరు మాత్రం నాశనమైంది). మైనస్ ఏంటంటే ఊళ్ళు దూరం దూరం, సిగ్నల్ అంతంతమాత్రం, పైన హై ప్రెజర్ తిష్ట వేసిందంటే వారమంతా ఎండే.

ముందే డేట్లు ఫిక్స్ చేసుకోక తప్పదంటే మే ఆఖరి వారం నుంచి జూన్ మొదటి పది రోజులు పెట్టుకోండి, రెండు ఏరియాలూ అందుబాటులో ఉంటాయి. లీవ్ మీ చేతిలో ఉంటే మాత్రం ఆగడమే బెటర్. ఓక్లహోమాలోని నార్మన్‌లో ఉన్న స్టార్మ్ ప్రెడిక్షన్ సెంటర్ ఎనిమిదో రోజు వరకు అవుట్‌లుక్, అంటే ముందస్తు అంచనా, ఇస్తుంది, అందులో వరసగా రెండు మూడు రోజులకి మ్యాప్ మీద ఏరియా గీస్తే బయల్దేరొచ్చు.

ఇక ఆ మ్యాప్‌లో రంగు, అంటే రిస్క్ ఎంతో చెప్పే మెట్లు. అన్నిటికన్నా పైమెట్టైన హై రిస్క్ చూసి ఎగబడతారు గానీ నా ఓటు కింది మెట్లైన స్లైట్, ఎన్‌హాన్స్‌డ్ రోజులకే. హై రిస్క్ అంటే చాలాసార్లు తుఫాన్లు ఒకదాని మీద ఒకటి పడిపోయి, టోర్నడో ఉన్నా వర్షం చాటున ఉంటుంది. ఒక్కోసారి అనుకున్నంతా జరగదు, 2019 మే 20న ఓక్లహోమా, టెక్సాస్‌లకి హై రిస్క్ ఇచ్చారు, కొన్ని టోర్నడోలు వచ్చాయి గానీ భయపడినంత జరగలేదు. స్లైట్ రోజున ఒంటరిగా ఒక్క సూపర్‌సెల్ లేచిందా, సాయంత్రమంతా దాని పక్కనే.

ఆ రోజు పొద్దున డ్యూ పాయింట్ (గాలిలో తేమ ఎంతుందో చెప్పే కొలత) 60 ఫారన్‌హీట్ దాటిందా, మబ్బు లేవకుండా పైన మూతలా ఆపే వెచ్చటి గాలి పొర, అదే క్యాప్, మరీ గట్టిగా ఉందా చూసుకోవాలి. మధ్యాహ్నం మబ్బు అంచులు గోబీపువ్వులా గట్టిగా తేరుతుంటే క్యాప్ తెగుతున్నట్టే, అంచులు చెదిరి పల్చబడుతుంటే ఇంకా మూతేసి ఉన్నట్టు. ఫోన్‌లో రాడార్ బొమ్మ కొన్ని నిమిషాల పాతది, దాన్ని నమ్మి దగ్గరికి పోవద్దు. ఇవన్నీ కుదిరినా, దక్షిణానికో తూర్పుకో తప్పుకోడానికి తారు రోడ్డు లేకపోతే ఆ తుఫాన్ వదిలేసి ఇంకోదానికి వెళ్ళండి, వర్షం పడ్డ మట్టిరోడ్డు మీద కారు కదలదు.