కరెంటు అడగని సరంగు: విండ్‌వేన్‌ని కొన్నేళ్లు వాడాక

చిన్న తెరచాప పడవలో అట్లాంటిక్ దాటామంటే అందరూ తుపానుల గురించే అడుగుతారు. అసలు కష్టం నిద్ర. మాది 32 అడుగుల పడవ, ఉండేది నేనూ మా ఆయనా. కెనరీ దీవుల్లోని లాస్ పాల్మాస్ నుంచి కరీబియన్‌లోని సెయింట్ లూసియాకి దాదాపు 2,700 నాటికల్ మైళ్లు, మా సైజు పడవకి మూడు నాలుగు వారాల దారి. ఇద్దరే రాత్రింబవళ్లు వంతులేసుకుని చుక్కాని పట్టుకుంటే మూడో రోజుకి ఒకరి మొహం ఒకరు చూడబుద్ధి కాదు. అందుకే మేం కొన్న సామానంతటిలో ముందు విండ్‌వేన్ గురించి చెప్పాలి, అంటే గాలిని బట్టి చుక్కానిని తనే తిప్పే యంత్రం గురించి.

అది పనిచేసే తీరు చూస్తే ముచ్చటేస్తుంది. పడవ వెనక పల్చటి ప్లైవుడ్ రెక్క నిలబడి ఉంటుంది. పడవ దారి తప్పగానే గాలి ఆ రెక్కకి పక్క నుంచి తగిలి వాలుస్తుంది. రెక్క వాలితే నీళ్లలో వేలాడే తెడ్డు కాస్త మెలి తిరుగుతుంది. మెలి తిరిగిన తెడ్డుని నీటి పారుదల ఒక పక్కకి తోస్తుంది. తెడ్డుకి కట్టిన తాళ్లు కప్పీల మీదుగా వచ్చి చుక్కాని పిడిని లాగుతాయి. రెక్కది సైగ మాత్రమే, బలమంతా నీటిది. అందుకే పడవ వేగం పెరిగేకొద్దీ దీని పట్టూ పెరుగుతుంది. ఎలక్ట్రిక్ ఆటోపైలట్‌ అయితే, అలలు పెరిగినప్పుడే బ్యాటరీని ఎక్కువ తాగేస్తుంది.

1960లో జరిగిన తొలి ఒంటరి అట్లాంటిక్ పందెంలో గెలిచిన ఫ్రాన్సిస్ చిచెస్టర్ తన విండ్‌వేన్‌కి మిరాండా అని పేరు పెట్టుకున్నాడు. మేం 'బాబాయ్' అని పెట్టాం. చెప్పిన పని చేస్తాడు, అన్నం అడగడు. ఒంటరిగా భూగోళం చుట్టొచ్చే గోల్డెన్ గ్లోబ్ రేసులో ఎలక్ట్రానిక్ ఆటోపైలట్ నిషేధం. 2023లో రెండో స్థానంలో వచ్చిన మన అభిలాష్ టోమీ కూడా ఇలాంటి యంత్రాన్నే నమ్ముకుని ఆ పందెం పూర్తి చేశాడు.

ఇక బాబాయ్ మొండితనం. వెనక నుంచి మెల్లగా వీచే గాలంటే ఈయనకి పడదు. పది నాట్ల (నాట్ అంటే గంటకి ఒక నాటికల్ మైలు) గాలిలో పడవ నాలుగు నాట్లతో పోతుంటే రెక్కకి తగిలేది ఆరు నాట్లే. అప్పుడు పడవ తాగినవాడిలా తూలుతుంది. దీనికి మేం కనిపెట్టుకున్న ఉపాయం, టిల్లర్ పైలట్‌ని, అంటే చుక్కాని పిడిని తోసే చిన్న ఎలక్ట్రిక్ ఆటోపైలట్‌ని, నేరుగా చుక్కానికి కాకుండా రెక్క ఉండే చోట తగిలించడం. అది సైగ చేస్తే చాలు గనక కరెంటు చాలా తక్కువ పడుతుంది.

ఇంకోటి, ఆయన గాలి మాటే వింటాడు, దిక్సూచి మాట వినడు. గాలి ఇరవై డిగ్రీలు తిరిగితే పడవా కిక్కురుమనకుండా అటే తిరుగుతుంది. ఓడలు కూడా ఆయనకి కనపడవు. ఏఐఎస్ (దగ్గరి ఓడల ఉనికిని రేడియో సంకేతాలతో చూపే పరికరం) అలారం, ఇరవై నిమిషాల టైమరు పెట్టుకుని ఎవరో ఒకరు లేచి చుట్టూ చూడాల్సిందే.

తెరచాపల లెక్క కుదరకపోతే ఏ విండ్‌వేనూ పనిచేయదు. ఫోరమ్‌లలో తిట్లన్నీ యంత్రానికే పడతాయి గానీ, సగం సార్లు దోషం మెయిన్‌సెయిల్‌ది, అంటే పెద్ద తెరచాపది. అది ఎక్కువైతే పడవ ముక్కు గాలి వైపుకి లాగేస్తుంది, తెడ్డు పక్కకి పూర్తిగా వాలిపోయినా ఆపలేదు. చీకటి పడేముందే తెరచాప తగ్గించడం మాకు అలవాటైంది. వ్యాపార పవనాల్లో అయితే మెయిన్ దించేసి, ముందు రెండు తెరచాపల్ని కర్రలతో చెరో వైపుకి చాచి వదిలేస్తే బాబాయ్ మేం చెయ్యి పెట్టకుండానే రోజులకి రోజులు నడిపాడు.

సముద్రం సగం దాటాక సర్గాసమ్ నాచు మొదలవుతుంది. గోధుమరంగు గుత్తులు, మధ్యలో మిరియాల్లాంటి గాలి బుడగలు. తెడ్డుకి చుట్టుకుంటే తాళ్లు బిర్రబిగిసిపోతాయి. వెనక అంచున బోర్లా పడుకుని బోట్‌హుక్‌తో (కొక్కెం ఉన్న పొడుగాటి కర్రతో) పీకాలి, లైఫ్‌లైన్ తగిలించుకుని మరీ.

తాళ్లు కప్పీల దగ్గర అరుగుతాయి. రోజూ కాస్త జరిపితే అరుగుదల ఒకేచోట పడదు. దేన్నైనా గుద్దుకుంటే ముందు తనే విరిగేలా తెడ్డుపైన ఒక గొట్టం పెడతారు. దానికి స్పేరు, రెక్కకి ఇంకో స్పేరు తప్పనిసరి. సెకండ్ హ్యాండ్‌ది కొంటే తెడ్డు పట్టుకుని ఊపి బేరింగుల్లో వదులు చూడండి.

రేటింగ్ ఐదుకి నాలుగున్నర. అర మార్కు కోసింది మెరీనాలో, అంటే పడవలు కట్టే రేవులో. వెనక్కి నడిపే ముందు తెడ్డు ఎత్తి కట్టాలి. అయినా ఆ స్టీలు చట్రం వెనక పొడుచుకొచ్చే ఉంటుంది, పక్క పడవలవాళ్లకి ఒకటే టెన్షన్.