అరిస్టాటిల్ తర్కమా, న్యాయ తర్కమా?

బీఏ ఫిలాసఫీలో చేరినవాళ్లకి తర్కం రెండు దారుల్లో ఎదురవుతుంది. అరిస్టాటిల్ దారిలో మూడే వాక్యాలు: మనుషులంతా మరణిస్తారు, సోక్రటీస్ మనిషి, కాబట్టి సోక్రటీస్ మరణిస్తాడు. అక్కడ చూసేది అమరికే. "చేపలన్నీ ఎగురుతాయి, బొచ్చె ఒక చేప" అన్నా సరే, "కాబట్టి బొచ్చె ఎగురుతుంది" అన్న వాదం రూపం ప్రకారం చెల్లుతుంది.

రెండో దారి న్యాయ దర్శనం, అంటే తర్కానికి పేరుపడ్డ భారతీయ తత్వ సంప్రదాయం. అమరిక ఒక్కటే చాలంటే ఇది ఒప్పుకోదు. ఇందులో వాదం ఇలా సాగుతుంది: కొండ మీద నిప్పుంది, ఎందుకంటే పొగ ఉంది, పొగ ఉన్నచోటల్లా నిప్పుంటుంది వంటింట్లో లాగా, ఈ కొండ మీదా అలాంటి పొగే ఉంది, అందుకే అక్కడ నిప్పుంది. ఐదు మెట్లు, మధ్యలో అందరూ చూసిన వంటిల్లు! నాకు బాగా నచ్చేది ఆ ఉదాహరణే, ఎందుకంటే ఎదుటి మనిషిని ఒప్పించడం కూడా ఇక్కడ తర్కంలో భాగం. హేతువులో, అంటే పొగలా మనం చూపించే కారణంలో, వచ్చే దోషాలనీ ఐదు రకాలుగా విడదీసి చూపిస్తారు. 17వ శతాబ్దంలో మన తెలుగువాడు అన్నంభట్టు సంస్కృతంలో రాసిన తర్కసంగ్రహం అనే చిన్న పుస్తకంతోనే ఇప్పటికీ చాలామంది మొదలుపెడతారు.

లెక్కలు, కంప్యూటర్ల వైపు వెళ్లాలనుకుంటే అరిస్టాటిల్‌తో మొదలుపెట్టి ప్రతీకల తర్కానికి (వాక్యాల బదులు గుర్తులతో రాసే తర్కానికి) వెళ్లడం మేలు. మిగతావాళ్లని నేను ముందు అన్నంభట్టునే చదవమంటాను, సంస్కృతం రాకపోతే తెలుగు తాత్పర్యంతో అయినా.