రాత్రి 8 గంటలకు కూడా మాట తెగని నెట్: విశాఖ ఎంవీపీ కాలనీలో ఆరు నెలల అనుభవం

నేను టెన్త్ పిల్లలకు లెక్కలు చెప్తాను, ఏడున్నర బ్యాచ్ మొత్తం ఆన్‌లైన్‌లోనే. పాత కనెక్షన్ 100 ఎంబీపీఎస్ అన్నారు, మధ్యాహ్నం టెస్ట్ పెడితే 95 వచ్చేది కూడా, కానీ ఎనిమిదయ్యేసరికి పిల్లలు "మాస్టారూ, మీ మాట ముక్కలు ముక్కలుగా వస్తోంది" అనేవారు. ఫోన్ చేస్తే ఎప్పుడూ ఒకటే సమాధానం, రూటర్ ఆపి మళ్లీ వేయండి అని. ఏడాది భరించి మా వీధిలో చాలామంది వాడుతున్న లోకల్ ఆపరేటర్‌కి మారిపోయాను.

కనెక్షన్ ఇవ్వడానికి వచ్చిన కుర్రాడి పని చూసే సగం నమ్మకం కుదిరింది. ఫైబర్ కొన తుడిచి, వెలుగు బలం కొలిచే పవర్ మీటర్‌కి పెట్టి, మైనస్ 19 డీబీఎం చూపించాడు (మైనస్ అంకె పెరిగేకొద్దీ సిగ్నల్ బలహీనమన్నమాట). బీరువా వెనక వైరు మడత పడగానే అది మైనస్ 26కి పడిపోయింది. "మైనస్ 27 దాటితే సిగ్నల్ లేదని ఎర్ర లైటు వెలిగే ప్రమాదం ఉంది మాస్టారూ" అంటూ విప్పి, గుండ్రంగా చుట్టి కట్టాడు.

సాయంత్రాల సంగతి అడిగితే ఓపిగ్గా చెప్పాడు. ఇళ్లకు ఫైబర్ నెట్ పంచే జీపాన్ పద్ధతిలో ఆపరేటర్ పరికరంలోని ఒక పోర్టుకి డౌన్‌లోడ్ దాదాపు 2.5 జీబీపీఎస్, అప్‌లోడ్ అందులో సగం, దాన్నే స్ప్లిటర్‌తో (ఒక ఫైబర్ వెలుగుని చాలా ఫైబర్లకు చీల్చే భాగం) 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతారు. అప్‌లోడ్‌లో అందరి వెలుగూ ఒకే ఫైబర్‌లోకి చేరుతుంది కాబట్టి ఇద్దరు ఒకేసారి పంపితే రెండూ చెడిపోతాయి, అందుకని ఆపరేటర్ వైపు ఉండే ఆ పరికరం, ఓఎల్‌టీ, ఒక్కో ఇంటికీ వంతు వేస్తుంది. అందరికీ ఒకే కొలత వంతు ఇస్తే తాళం వేసున్న ఇంటి వంతు కూడా వృథాగా పోతుంది. ఎవరి దగ్గర డేటా పేరుకుందో చూసుకుని వాళ్లకు ఎక్కువిచ్చే పద్ధతే డీబీఏ. నా క్లాసులో చెయ్యెత్తిన వాళ్లనే నేను లేపుతాను, ఇదీ అంతే. పైగా వీళ్లు వాయిస్, వీడియో కాల్స్‌ని డౌన్‌లోడ్‌ల కంటే ముందు వదులుతారట, పోర్టుకి 32 ఇళ్లు దాటనివ్వరట. ఎన్ని వంతులేసినా ఓఎల్‌టీ నుంచి బయటికెళ్లే లింకు ఇరుకైతే లాభం లేదు కదా అంటే, ఫోన్ తీసి ముందు రోజు రాత్రి గ్రాఫ్ చూపించాడు, పీక్‌లో కూడా లింకు నిండలేదు.

ఇప్పుడు నాది 50 ఎంబీపీఎస్ ప్లానే, జీఎస్టీతో నెలకు 590. రాత్రి 8 గంటలకు పింగ్ (సిగ్నల్ వెళ్లి తిరిగొచ్చే సమయం) 15 మిల్లీసెకన్ల దగ్గరే ఉంటోంది, అప్‌లోడ్ 45కి తగ్గట్లేదు, పాత 100 కంటే ఈ 50 నాకు వెయ్యి రెట్లు నయం. కొత్తగా తీసుకునేవాళ్లు పగటి స్పీడ్ చూసి మోసపోకండి, అదే ఆపరేటర్ నెట్ ఉన్న పక్కింట్లో రాత్రి ఎనిమిదిన్నరకి అప్‌లోడ్ టెస్ట్ చేసి చూడండి.

లోపాలూ ఉన్నాయి. కాలువ తవ్వకంలో ఫైబర్ తెగితే అతికించడానికి రెండు రోజులు పట్టింది, ఆ రెండు క్లాసులూ మొబైల్ డేటాతో లాక్కొచ్చాను. కరెంటు పోతే వీధి క్యాబినెట్‌లో ఆపరేటర్ పరికరాల బ్యాటరీ గంటన్నరకే అయిపోతోంది, ఇంట్లో నా యూపీఎస్ ఉన్నా నెట్ మాత్రం ఉండదు. తుఫాన్ల ఊరు మనది, బ్యాటరీ మార్చమని మూడుసార్లు చెప్పాను, ఇంకా మార్చలేదు. అందుకే ఐదుకి నాలుగు స్టార్లు.