కొలోసల్ యూత్: యంగ్ మార్బుల్ జెయింట్స్ ఏకైక ఆల్బమ్

వేల్స్ రాజధాని కార్డిఫ్‌లో 1978లో ఏర్పడిన యంగ్ మార్బుల్ జెయింట్స్ అనే రాక్ బృందం కొద్ది కాలమే నిలిచినా, 1980లో రఫ్ ట్రేడ్ సంస్థ విడుదల చేసిన వారి ఏకైక పూర్తి ఆల్బమ్ ‘కొలోసల్ యూత్’ నేటికీ కొని వినదగినదే. వేగం, బిగ్గరతనమే ప్రధానమైన పంక్ అనే రాక్ శైలి హోరు ఇంకా చల్లారని ఆ రోజుల్లో అన్నదమ్ములు స్టువర్ట్, ఫిలిప్ మాక్స్‌హామ్‌లు డ్రమ్మర్‌ను పెట్టుకోకుండా డ్రమ్ దరువులను తానే పలికించే డ్రమ్ మెషీన్ లయనే ఆధారం చేసుకున్నారు. స్టువర్ట్ అరచేతితో తీగలను అదిమి వాయించిన గిటార్ పొడిపొడిగా, తుంచినట్టు పలుకుతుంటే, పాటలోని రాగాన్ని చాలాచోట్ల ఫిలిప్ బేస్ గిటారే నడిపిస్తుంది. ఆ రెండింటి మధ్య మిగిలిన ఖాళీలో అలిసన్ స్టాటన్ ఏ ఆర్భాటమూ లేకుండా, పక్కన కూర్చున్నవారితో మాట్లాడుతున్నంత మామూలుగా పాడుతుంది. ఆ నిగ్రహమే ఈ ఆల్బమ్ బలం. గాత్రం లేని వాద్యగీతాలు మాత్రం నాకు కొంత పలుచగా తోచాయి. గిటార్ హోరు కోసమే రాక్ వినేవారికి మొత్తం ఆల్బమే అలా అనిపించవచ్చు. అయినా అమెరికన్ రాక్ బృందం నిర్వాణా గాయకుడు కర్ట్ కోబైన్ అంతటివాడు దీనిని తన అభిమాన ఆల్బమ్‌లలో చేర్చుకున్నాడు. డొమినో సంస్థ 2007లో దీనికి బృందం చిన్న రికార్డులనూ, బీబీసీ రేడియో కోసం పాడిన పాటలనూ జోడించి పునర్విడుదల చేసింది కనుక, కొత్తగా కొనేవారు ఆ కూర్పునే ఎంచుకోవడం మేలు.