మూడేళ్లుగా హ్యాండిక్యాప్: 11 షాట్లు 7 అయిన రోజు

విజయనగరం నుంచి నెలకు రెండు ఆదివారాలు తెల్లవారుజామునే బయల్దేరి, ఆనందపురం మీదుగా విశాఖ వెళ్లి గోల్ఫ్ ఆడి వస్తాను. మూడేళ్లుగా నా స్కోర్లన్నీ ఫోన్ యాప్‌లో ఎక్కిస్తున్నాను. హ్యాండిక్యాప్ అంటే, ఆటగాడి స్థాయిని బట్టి అతనికి దక్కే అదనపు షాట్ల లెక్క. ఈ హ్యాండిక్యాప్ లెక్కలో నాకు ప్రాణంలా నచ్చింది ఒక్కటే: ఒక్క హోల్ పాడైనంత మాత్రాన మన లెక్కంతా పాడవదు.

మొదటి ఏడాది సంగతి. అప్పుడు నా కోర్స్ హ్యాండిక్యాప్, అంటే ఆ మైదానంలో నాకు దక్కే అదనపు షాట్లు 22, మా బావవి 8. అంటే ఆయన నాకు 14 షాట్లు ఇచ్చి ఆడాలి. ఓడినవాళ్లు టిఫిన్ పెట్టించాలి. ఆ రోజు ఒక పార్ 4 హోల్‌లో, అంటే నాలుగు షాట్లలో ముగించాల్సిన హోల్‌లో, బంతి బంకర్ అనే ఇసుక గుంటలో పడి, అంచు కింద కూరుకుపోయింది. కొడితే ఇసుక లేస్తోంది గానీ బంతి కదలదు. అక్కడే ఐదు షాట్లు పోయాయి. మొత్తం 11. కార్డులో ఆ చిన్న గడిలో రెండంకెలు ఇరికించి రాస్తుంటే చెయ్యి వణికింది.

18 హోల్స్‌కీ కలిపి 102. ఇంటికొచ్చి హోల్ హోల్‌గా ఎక్కిస్తే యాప్ 98 చూపించింది. తప్పు పడిందేమోనని బావకు ఫోన్ చేశాను. "తప్పేం కాదు. 22లో 18 షాట్లు హోల్‌కి ఒకటి చొప్పున పోతాయి, మిగతా నాలుగూ బాగా కష్టమైన నాలుగు హోల్స్‌కి. ఆ హోల్‌లో నీకొచ్చేది ఒకటే. పార్ నాలుగు, దాని మీద రెండు, నీ ఒకటి, మొత్తం ఏడు. అంతకు మించి హ్యాండిక్యాప్‌కి లెక్క రాయరు" అన్నాడు. పోటీలో అయితే 102 అంటే 102నే. అయినా ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

కాకపోతే గత ఏడాది భుజం నొప్పి వచ్చాక ఇదే లెక్క నన్ను బాగా ఇబ్బంది పెట్టింది. 2020లో ప్రపంచమంతటికీ ఒకే పద్ధతి తెచ్చినప్పటి నుంచి చివరి 20 స్కోర్లలో మంచివి 8 తీసుకునే సగటు కడతారు. వారం వారం ఆడేవాళ్లకు 20 కార్డులు ఐదు నెలల్లో మారిపోతాయి. నాకు పది నెలలు. భుజం ఎత్తలేక 108, 110 కొడుతున్నా, పాత మంచి కార్డులే నా ఇండెక్స్‌ని, అంటే ఆ సగటుతో వచ్చే హ్యాండిక్యాప్ అంకెని, కిందికి పట్టి ఉంచాయి; నాకొచ్చే షాట్లు పెరగలేదు. వరసగా ఐదుసార్లు టిఫిన్ నేనే పెట్టించాను. కావాలని చెడగొట్టుకుని షాట్లు పెంచుకునేవాళ్లను ఆపడానికి ఈ కట్టుదిట్టం అవసరమేనని ఒప్పుకుంటాను. కానీ నిజంగా ఒళ్లు బాగోలేనివాడికీ అదే లెక్క.

విశాఖలోనే ఉండి తరచుగా ఆడేవాళ్లైతే కళ్లు మూసుకుని దీన్ని నమ్ముకోవచ్చు. నాలా దూరం నుంచి వచ్చేవాళ్లు మాత్రం, ఒంట్లో బాగోలేనప్పుడు ఇండెక్స్ పక్కనపెట్టి ఎదుటివాళ్లను ముందే రెండు షాట్లు ఎక్కువ అడగండి. బావ అడగ్గానే ఇచ్చాడు. నొప్పికి ముందు కొట్టిన 87 ఇంకా ఆ ఎనిమిదిలోనే ఉంది. ఆ రోజు ఆ కార్డుకి ఫొటో కూడా తీసుకున్నాను. ఇంకో రెండు ఆదివారాలు ఆడితే అది ఇరవైలోంచి జారిపోతుంది.