మీల్ మేకర్: అన్నం తగ్గించిన శాకాహారులకు అక్కరకొచ్చే సరుకు

పిండిపదార్థం తగ్గించాలంటే శాకాహారులకు పప్పే అడ్డం పడుతుంది. కందిపప్పుతో 26 గ్రాముల ప్రొటీన్ రావాలంటే దాదాపు 120 గ్రాములు వండాలి. దాంతో 60 గ్రాములు దాటి పిండిపదార్థమూ వస్తుంది. అదే ప్రొటీన్ 50 గ్రాముల ఎండు మీల్ మేకర్‌లో దొరుకుతుంది, పిండిపదార్థం సుమారు 16 గ్రాములే. అందులోనూ కొంత పీచు. పనీర్‌లో పిండిపదార్థం తక్కువే, కానీ కొవ్వు ఎక్కువ.

ప్యాకెట్ మీది అంకెలు ఎండు బరువుకే. నానితే రెండు మూడింతలు బరువెక్కుతుంది, కాబట్టి నానబెట్టకముందే తూచండి. చాలామంది లెక్క తప్పేది ఇక్కడే.

పచ్చి వాసన వస్తోందంటే పిండడం చాలలేదన్నమాట. ఉప్పు వేసిన మరిగే నీళ్లలో 10 నిమిషాలు ఉంచి, చన్నీళ్లలో కడిగి, గట్టిగా పిండాలి. ఇలా రెండుసార్లు. లోపల నీళ్లుంటే మసాలా పట్టదు, వేపితే మెత్తబడిపోతుంది. పెద్ద ఉండల కన్నా చిన్నవి నయం, పిండడం తేలిక.

ఒక్కసారే ఎక్కువ తింటే కడుపుబ్బరం రావచ్చు. 25 గ్రాములతో మొదలుపెట్టండి. థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు దీన్ని నాలుగు గంటల ఎడంతో తినాలి. కిడ్నీ జబ్బున్నవారు డాక్టర్‌ని అడగకుండా ముట్టుకోవద్దు.