జీతం పుచ్చుకుని ఆడిన మొదటివాళ్ళ కోసం: బ్రూక్లిన్, కూపర్స్‌టౌన్, ఫ్రాంక్‌ఫర్ట్

శ్మశానానికి వెళ్ళొస్తే తలస్నానం చెయ్యాలి. మా నాన్నగారి దగ్గర ఈ విషయంలో రాజీ లేదు. మూడు రోజుల ట్రిప్పులో రెండు శ్మశానాలు పెట్టుకున్నప్పుడు నేను ఆలోచించాల్సింది హోటల్ గదిలో వేడినీళ్ళ గురించి. ఆ ఒక్కటీ ఆలోచించలేదు.

ఇదంతా మావాడి స్కూలు ప్రాజెక్టుతో మొదలైంది. ఏదైనా ఒక వృత్తి ఎలా పుట్టిందో రాసి తీసుకురమ్మన్నారు. వాడికి పన్నెండేళ్ళు, బేస్‌బాల్ పిచ్చి. నాన్నగారు గుంటూరు నుంచి వచ్చి నాలుగు నెలలైంది, సాయంత్రాలు గ్రౌండ్ గట్టు మీద కూర్చుని మనవడి ఆట చూస్తూ "మన బిళ్ళంగోడుకి చుట్టాల్లా ఉందే" అనేవారు. ప్రాజెక్టు సంగతి విని ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఒరే, ఆటాడితే జీతం ఇవ్వడమేంటి? మొదట ఎవడు ఇచ్చాడు, ఎవడు పుచ్చుకున్నాడు?" మా ఇద్దరికీ తెలియలేదు. అక్టోబరులో లాంగ్ వీకెండ్ ఉంది. పులిహోర కలుపుకుని న్యూజెర్సీలోని మా ఊరు ఎడిసన్ నుంచి బయల్దేరాం.

శనివారం పొద్దున్నే మొదట హోబోకెన్. కారులో మాత్రం వెళ్ళకండి. చాలా వీధుల్లో ఆ ఊరివాళ్ళకే పార్కింగ్, అరగంట చక్కర్లు కొట్టి చివరికి గ్యారేజీలో డబ్బులు పోసుకున్నాం. పాత్ (PATH) అనే లోకల్ రైల్లో వచ్చి నడవడమే తెలివైన పని. వాషింగ్టన్ స్ట్రీట్, 11వ వీధి కలిసేచోట ఒక ఫలకం ఉంటుంది. ఒకప్పుడు ఇక్కడ ఎలీసియన్ ఫీల్డ్స్ అనే మైదానం ఉండేది. 1846 జూన్ 19న నికర్‌బాకర్ అనే బేస్‌బాల్ క్లబ్బు తను రాసుకున్న రూల్స్‌తోనే ఇక్కడ మ్యాచ్ ఆడి 23-1 తేడాతో చిత్తుగా ఓడింది. వాళ్ళంతా ఉద్యోగాలూ వ్యాపారాలూ చేసుకుంటూ సరదాకి ఆడినవాళ్ళు, జీతం మాటే లేదు. మైదానం కూడా లేదు, చుట్టూ మేడలే. ఫలకం ముందు ఫొటో తీసుకోవడానికి ఐదు నిమిషాలు, కాఫీకి ఇరవై నిమిషాలు. అంతకంటే టైము కేటాయించక్కర్లేదు.

బ్రూక్లిన్‌లోని గ్రీన్-వుడ్ శ్మశానం అలా కాదు. ఈ ట్రిప్పులో మీకు ఒక్కచోటికే వెళ్ళే వీలుంటే ఇక్కడికే వెళ్ళండి, పైగా ఉచితం. 1838లో మొదలైంది, 478 ఎకరాలు. ఐదో ఎవెన్యూ, 25వ వీధి దగ్గర చర్చి గోపురంలాంటి ఎర్రరాతి ద్వారం. దాని శిఖరాల్లో ఆకుపచ్చ చిలకలు గూళ్ళు కట్టుకుని అరుస్తూ ఉంటాయి. "శ్మశానంలో చిలకలేంట్రా!" అని నాన్నగారు అక్కడే పది నిమిషాలు నిలబడిపోయారు. ఆయనకి మోకాళ్ళ నొప్పులు. కారు లోపలికి రానిస్తారు కాబట్టి బతికిపోయాం. ఎత్తుపల్లాలు ఎక్కువ, దారులు వంకర్లు. ఎవరి సమాధి ఏ సెక్షన్‌లో ఉందో వాళ్ళ వెబ్‌సైట్లో పేరు కొట్టి ముందే రాసుకుని వెళ్ళండి. మేం రాసుకున్నా కూడా రెండుసార్లు దారి తప్పాం.

మొదట జిమ్ క్రైటన్ దగ్గరికి వెళ్ళాం. నాన్నగారి ప్రశ్నకు జవాబు చాలామంది చరిత్రకారుల లెక్కలో ఈయనే. 1860లో బ్రూక్లిన్ ఎక్సెల్సియర్స్ జట్టులో చేరాడు, అప్పటికి పందొమ్మిదేళ్ళు. డబ్బు తీసుకుని ఆడకూడదని ఆ రోజుల్లో నియమం. అందుకని చాటుగా ముట్టజెప్పారంటారు. ఎందుకంత గిరాకీ అంటే, అప్పట్లో పిచర్ పని బ్యాటర్‌కి కొట్టడానికి వీలుగా బంతి అందించడమే. చెయ్యి చాచి కింది నుంచి వెయ్యాలి, మణికట్టు తిప్పకూడదు. ఇతను ఎవరూ పట్టుకోలేనంత లాఘవంగా మణికట్టు ఆడించి వేగం, స్పిన్ను రెండూ తెచ్చాడు. తప్పని కొందరు గోల పెట్టారు, చూడ్డానికి జనం మాత్రం ఎగబడ్డారు. "బౌలింగ్ యాక్షన్ మీద గొడవ అప్పుడే ఉందన్నమాట" అన్నారు నాన్నగారు. క్రికెట్ మనిషికి అంతకంటే వివరించక్కర్లేదు. క్రైటన్ క్రికెట్ కూడా బాగా ఆడేవాడు.

1862 అక్టోబరు 14న ఒక మ్యాచ్‌లో బలంగా బ్యాట్ తిప్పినప్పుడు కడుపులో ఏదో తెగిందని చెబుతారు. కాదు, ఆ దెబ్బ అంతకుముందు క్రికెట్‌లో తగిలిందనేవాళ్ళూ ఉన్నారు. నాలుగు రోజులకి చనిపోయాడు. ఇరవై ఒక్కేళ్ళు. సమాధి మీద తెల్లరాతి స్తంభం, దాని మీద బ్యాట్లు, టోపీ, స్కోరు పుస్తకం చెక్కారు. కొసన రాతి బంతి ఉండేది, ఎప్పుడో పోయింది, ఇప్పుడున్నది ఈమధ్య కొత్తగా చేసి పెట్టింది. మావాడు బ్యాగులోంచి ఫోను కూడా తియ్యలేదు. "నాన్నా, మా కోచ్ కంటే చిన్నవాడు" అన్నాడంతే.

హెన్రీ చాడ్విక్ సమాధి చూడ్డానికి సరదాగా ఉంటుంది. ఆయన ఆటగాడు కాదు, విలేకరి. ఇంగ్లండులో పుట్టి, ఇక్కడ క్రికెట్ గురించి రాస్తూ బేస్‌బాల్ వైపు మళ్ళాడు. స్కోరంతా చిన్న పట్టికలో ఇమిడ్చే పద్ధతిని ఆయనే తీర్చిదిద్దాడు. 1908లో పోయాడు. రాతి స్తంభం మీద పెద్ద బంతి, కంచు గ్లవ్, క్యాచర్ మాస్కు, చుట్టూ నాలుగు మూలలా, ఆటలో పరుగు కోసం చుట్టి రావాల్సిన నాలుగు బేస్‌లు. మావాడు ఆ బేస్‌లన్నీ చుట్టి పరిగెత్తబోతే నాన్నగారు చెయ్యి పట్టుకుని ఆపారు. ఆపకపోయినా ఆ పెద్దాయన ఏమీ అనుకునేవాడు కాదని నా అనుమానం.

ఒంటిగంటకి బయల్దేరితే, బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ మ్యూజియం ఉన్న కూపర్స్‌టౌన్ చేరేసరికి చీకటి పడింది. చివరి గంటన్నర ఎర్రగా పండిన మేపుల్ చెట్ల మధ్య దారి, చాలా బాగుంటుంది. ఆ ఆకుల వల్లే గదుల ధరలు కూడా పండిపోతాయి. ఊరికి దూరంగా రోడ్డు పక్క మోటెల్లో మొదటిరాత్రికి బుక్ చేశాను. పేరు రాయను. ఫొటోల్లో కనిపించిన కార్పెట్టుకీ గదిలో ఉన్నదానికీ పోలిక లేదు. హీటర్ రాత్రంతా రైలింజన్‌లా మోగింది. అన్నిటికంటే ఘోరం, వేడినీళ్ళు రాలేదు. ఉదయం బ్రూక్లిన్‌లో చూసిన శ్మశానం తాలూకు స్నానం అలాగే ఉండిపోయింది. నాన్నగారు రిసెప్షన్‌కి వెళ్ళి తనకొచ్చిన ఇంగ్లీషులో గట్టిగానే అడిగారు. "మార్నింగ్ వస్తాయి సార్" అన్నారు. చివరికి గదిలో ఉన్న చిన్న కాఫీ మేకర్‌లో నీళ్ళు ఆరుసార్లు కాచి, మంచుముక్కల బకెట్టులో పోసి ఆయన స్నానం ముగించారు. టెన్షన్ నాది, పట్టుదల ఆయనది.

మర్నాడు ఊళ్ళోనే పాతకాలపు ఇంటిని గదులుగా మార్చిన చోటికి మారిపోయాం. అద్దె ఎక్కువే, కానీ మ్యూజియానికి నడిచి వెళ్ళొచ్చు, పార్కింగ్ బాధ లేదు, నీళ్ళు కుతకుతలాడుతూ వచ్చాయి. ఈ ఊళ్ళో డబ్బు ఖర్చు పెట్టాల్సింది ఇక్కడే. వేసవిలో వచ్చేవాళ్ళకి ఒక హెచ్చరిక: చుట్టుపక్కల పిల్లల టోర్నమెంట్లు వారం తర్వాత వారం జరుగుతూనే ఉంటాయి, జులైలో హాల్ ఆఫ్ ఫేమ్ సన్మానాలుంటాయి. అప్పుడు గది దొరకడమే గొప్ప. చెరువు ఒడ్డున 1909 నాటి ఒటెసాగా హోటల్ ఉంది. మేం వరండా చూసి వచ్చాం, బస చెయ్యడం మా బడ్జెట్‌లో లేదు.

ఇంతకీ రెండు వేల జనాభా కూడా లేని ఈ ఊరికి ఈ మ్యూజియం ఎందుకొచ్చిందంటే, ఒక కట్టుకథ వల్ల. 1839లో ఆబ్నర్ డబుల్‌డే అనే ఆయన ఇక్కడే బేస్‌బాల్ కనిపెట్టాడని 1907 చివర్లో ఒక కమిటీ తేల్చింది. ఆ ఏడాది ఆయన వెస్ట్ పాయింట్ మిలటరీ అకాడమీలో చదువుకుంటున్నాడు. పక్కనున్న ఫ్లై క్రీక్ ఊళ్ళో ఎవరి పాత పెట్టెలోనో చిరిగిన బంతి దొరికితే, స్టీఫెన్ క్లార్క్ అనే ఊరి ధనవంతుడు 5 డాలర్లకు కొన్నాడు. సింగర్ కుట్టుమిషన్ల డబ్బు ఆయనది. మా నాన్నమ్మ తొక్కిన మిషన్ కూడా సింగరే, కాబట్టి ఈ మ్యూజియంలో మా కుటుంబానికీ అణా వాటా ఉందని నాన్నగారి లెక్క. 1939లో తలుపులు తెరిచారు. ఆ బంతి ఇప్పటికీ గాజుపెట్టెలో ఉంది.

టికెట్ పెద్దవాళ్ళకి 30 డాలర్ల దగ్గర. పిల్లలున్న ఇంటికి ఆ డబ్బు దండగ కాదు. లిఫ్టులున్నాయి, కూర్చోడానికి బెంచీలున్నాయి, సిబ్బంది ఓపిగ్గా మాట్లాడతారు. కానీ మాలాగా పంతొమ్మిదో శతాబ్దం వాళ్ళ కోసమే వెళ్తే గంటలో అయిపోతుంది. రెండో అంతస్తులో ఆ కాలం వస్తువులు చూస్తూ జనం చకచకా నడిచిపోతారు, అసలు రద్దీ ఇరవయ్యో శతాబ్దపు హీరో బేబ్ రూత్ దగ్గర మొదలవుతుంది.

మేం మాత్రం అక్కడే ఆగాం. నాన్నగారికి జీతాల పద్దు కావాలి. చాటుగా ఇవ్వడం మానేసి, బాహాటంగా జట్టు మొత్తానికీ జీతాలిచ్చింది 1869లో సిన్సినాటి రెడ్ స్టాకింగ్స్. దాన్ని నడిపిన హ్యారీ రైట్ షెఫీల్డ్‌లో పుట్టాడు, క్రికెట్ వృత్తి చేసిన తండ్రి చేతుల్లో పెరిగాడు. తన జీతం 1,200 డాలర్లు, తమ్ముడు జార్జ్‌కి 1,400. జట్టులో సిన్సినాటి వాడు ఒక్కడే. "మన ఐపీఎల్లే కదా!" అన్నారు నాన్నగారు. ఆ ఏడాది ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు.

జీతమొచ్చింది, దాని వెనకే సంకెళ్ళూ వచ్చాయి. 1879 నుంచి యజమానులు కొందరు ఆటగాళ్ళను 'రిజర్వ్' చేసుకోవడం మొదలుపెట్టారు. అంటే కాంట్రాక్టు అయిపోయినా వేరే జట్టుకి పోవడానికి లేదు. 1887లో మైక్ కెల్లీని షికాగో జట్టు బోస్టన్‌కి 10,000 డాలర్లకు అమ్మింది. ఓల్డ్ హాస్ రాడ్‌బోర్న్ అయితే 1884లో ప్రావిడెన్స్ తరఫున దాదాపు ఒంటిచేత్తో సీజన్ లాగి 59 గెలుపులు తెచ్చాడు, 678 ఇన్నింగ్స్ పైగా (మ్యాచ్‌కి మామూలుగా తొమ్మిది) పిచ్ చేశాడు. పొద్దున లేచి తల దువ్వుకోవడానికి కూడా చెయ్యి లేచేది కాదంటారు. మావాడి టీములో రోజుకి ఇన్నే బంతులు వెయ్యాలని కాగితం మీద రాసి పెడతారు! కొలంబియా యూనివర్సిటీలో లా చదివిన జాన్ మాంట్‌గోమరీ వార్డ్ అనే ఆటగాడు 1885లో యూనియన్ పెట్టాడు, 1890లో ఆటగాళ్ళ సొంత లీగే నడిపారు. ఒక్క సీజన్‌తో మూతపడింది. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో నాన్నగారు యూనియన్ మనిషి. వార్డ్ ఫలకం ముందు నిలబడి ఫొటో తీయమని ఆయనే అడిగారు.

కింద, హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎంపికైనవాళ్ళ ఫలకాల గ్యాలరీలో జనమంతా 2022 వరుస దగ్గర ఈ కాలపు స్టార్ డేవిడ్ ఓర్టిజ్ ఫలకంతో సెల్ఫీలు దిగుతున్నారు. అదే వరుసలో బడ్ ఫౌలర్ ఉన్నాడు. ఓర్టిజ్ కంటే నూట పదిహేడేళ్ళు ముందు పుట్టినవాడు, ఇద్దరికీ ఒకే ఏడాది సన్మానం. అసలు పేరు జాన్ జాక్సన్, పెరిగింది ఈ ఊళ్ళోనే, తండ్రి మంగలి. 1878లోనే తెల్లవాళ్ళ జట్లలో జీతానికి ఆడిన నల్లవాడు. డజనుకు పైగా జట్లు మారాడు. మారాడనడం కన్నా సాగనంపారనడం సబబు. రెండో బేస్ దగ్గర నిలబడితే పరిగెత్తి వచ్చేవాళ్ళు కావాలనే మేకుల బూట్లతో కాళ్ళ మీదికి జారేవారని, చెక్కముక్కలు కట్టుకుని ఆడాడని చెబుతారు. 1887 జులై 14న ఇంటర్నేషనల్ లీగ్ నల్లవాళ్ళకి కొత్త కాంట్రాక్టులు ఇవ్వకూడదని తీర్మానించింది. అదే రోజు, నేను రోజూ ఆఫీసుకి రైల్లో దాటే నెవార్క్‌లో, షికాగో కెప్టెన్ క్యాప్ యాన్సన్ అభ్యంతరంతో జార్జ్ స్టోవీ అనే నల్లజాతి పిచర్‌ని పక్కన కూర్చోబెట్టారు. యాన్సన్ ఫలకం ఇక్కడ 1939 నుంచీ ఉంది.

మ్యూజియం నుంచి బయటికొస్తే డబుల్‌డే ఫీల్డుకి వెళ్ళే చిన్న దారికి 2013లో ఫౌలర్ వే అని పేరు పెట్టారు. ఆట కనిపెట్టని పెద్దమనిషి పేరు మైదానానికి, ఊళ్ళో పెరిగినవాడి పేరు దాని పక్క సందుకి.

సోమవారం ఫౌలర్ దగ్గరికే వెళ్ళాం. ఉత్తరంగా ముప్పావుగంట డ్రైవ్ చేస్తే ఫ్రాంక్‌ఫర్ట్ (జర్మనీది కాదు, న్యూయార్క్ రాష్ట్రంలోనిదే), ఓక్ వ్యూ శ్మశానం. దారిలో ఫ్లై క్రీక్‌లో ఆపిల్ రసం తాగాం, అది మాత్రం తప్పకుండా తాగండి. ఫ్రాంక్‌ఫర్ట్‌లో యాత్రికుల కోసం ఏమీ లేదు. బోర్డుల్లేవు, టాయిలెట్ కూడా లేదు, ముందే చూసుకోవాలి. 1913లో ఇక్కడ చనిపోయాక 74 ఏళ్ళు ఆయన సమాధికి గుర్తే లేదు. 1987లో బేస్‌బాల్ చరిత్ర పరిశోధకుల సంఘం వాళ్ళు రాయి వేయించారు. చిన్నదే. వెతుక్కోవడానికి మాకు ఇరవై నిమిషాలు పట్టింది.

అక్కడ నిలబడి మావాడు తాతకి పేజ్ ఫెన్స్ జెయింట్స్ సంగతి చెప్పాడు. ఫౌలర్ చేయి వేసి మిషిగన్‌లో పెట్టించిన నల్లవాళ్ళ జట్టు, 1895లో ఆట మొదలుపెట్టింది. వాళ్ళకి సొంత రైలుపెట్టె ఉండేది, తిండీ నిద్రా అందులోనే.

"అంత వైభోగమా?"

"కాదు తాతా, హోటళ్ళలో వాళ్ళకి రూమ్ ఇచ్చేవాళ్ళు కాదు."

మోటెల్ మీద రెండు రోజులుగా సాగుతున్న నాన్నగారి తిట్లు అక్కడితో ఆగిపోయాయి. నేను రాయాలనుకున్న ఒక్క స్టార్ రివ్యూ కూడా రాయలేదు.

తిరుగు ప్రయాణానికి ముందు యూటికా వెళ్ళి ఆ ప్రాంతపు 'టొమాటో పై' అనే వంటకం కొన్నాం. మందపాటి రొట్టె మీద టొమాటో గుజ్జు, చల్లగానే తింటారు. మాకు పులిహోరే నయమనిపించింది, మావాడికి నచ్చింది. రాత్రి ఎనిమిదిన్నరకి ఎడిసన్ చేరాం. కారు ఆగగానే నాన్నగారు చెప్పులు గుమ్మం బయటే విడిచి, ఎవరినీ ముట్టుకోకుండా నేరుగా బాత్రూములోకి నడిచారు.